సొరుగులో పదకొండు ఫోన్లు

కొమరోలు,
ఫిబ్రవరి 6

మల్లి వదినకు,

మహేశ్వరి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం అని రాయాలి గదా, అందుకే రాస్తున్నా. చదివి నమ్మొద్దు.

నేను ఉత్తరం రాయడమేందని నీకు నవ్వు వస్తుంది. పెన్ను పట్టుకోవాలంటే నాకు చిన్నప్పటి నుంచీ బద్ధకమే. ఏం చేసేది? మందలో ఉన్నదల్లా అన్న ఫోన్ ఒక్కటే. దానికి చేస్తే స్పీకర్ పెట్టి గొర్రెలకు కూడా వినిపిస్తాడు. నీ ఫోనేమో నా సొరుగులోనే ఉంది. పైగా ఇప్పుడు ఫోన్లో మాట్లాడాలంటేనే నాకు భయం, ఎవరు వింటున్నారో తెలియదు. అందుకే పొదిలిలో మీరు తవుడు కొనే హనుమంతు మామ దుకాణం అడ్రసుకు ఇది వేస్తున్నా.

జరిగింది ఎట్ల చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. సోమవారం నా ఆన్‌లైన్ సెంటర్లో ఒకరికి ఆదాయం సర్టిఫికెట్ దరఖాస్తు నింపుతున్నా. ఉన్నట్టుండి కంప్యూటర్ తెరంతా ఎర్రగా అయిపోయింది. లోపలి నుంచి ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో అరుస్తా ఉంది. మూస్తే మూసుకోదు. తెర మీద పెద్ద అక్షరాలతో ఒక ఫోన్ నంబరు, మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టింది, ఆపేస్తే ఉన్నదంతా పోతుంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. చేసినా.

ఎత్తినవాడు తెలుగులోనే మాట్లాడినాడు. కంగారు పడొద్దక్కా అన్నాడు. ఆ ‘అక్కా’ వినగానే నాకు సగం భయం పోయింది. ఒక చిన్న ప్రోగ్రాం దించుకోమన్నాడు, దించుకున్నా. అందులో కనపడే నంబరు చదవమన్నాడు, చదివినా. అంతే, నేను మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసినా బాణం గుర్తు తనంతట తానే తిరగబట్టింది. ఒక్కొక్క ఫైలు తెరుస్తుంది, మూస్తుంది. నేను నోరు తెరుచుకుని చూస్తా కూర్చున్నా. రెండున్నర గంటలు. మధ్యలో నాకే పాపమనిపించి, తిన్నావా తమ్ముడూ అని కూడా అడిగినా. పని అయినాక తింటానక్కా అన్నాడు.

అప్పుడే సొరుగులో ఒక ఫోన్ మోగింది. మందలతో పోయే వాళ్లంతా మీ బ్యాంకు ఫోన్లు నా దగ్గర పెట్టి పోతారు గదా. పొలాల్లో చార్జింగ్ ఉండదు, దరఖాస్తుకు ఓటీపీ వచ్చే సమయానికి మీరు ఏ గట్టు మీద ఉంటారో తెలియదు. ఈ ఏడు పదకొండు ఫోన్లు. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్లాస్టిక్ కవర్లో, కార్డుతో సహా. ఆ ఫోన్‌కు మెసేజులో వచ్చిన నంబరు చదవక్కా, లైను బాగైందో లేదో చూస్తా అన్నాడు. చదివినా. మళ్లీ వచ్చింది, మళ్లీ చదివినా. మూడుసార్లు. రోజూ పదిమందికి చదివే నంబర్లే గదా, ఆలోచన లేకుండానే నోటికి వచ్చేసింది.

సాయంత్రం పక్క సెల్ షాపు వంశీ వచ్చి, సంగతి విని తల పట్టుకున్నాడు. నెట్ వైరు పీకినాడు, ఆ ప్రోగ్రాం తీసేసినాడు. వైరస్సూ లేదు ఏమీ లేదు, ఆ ఎర్ర తెరే దొంగలది అన్నాడు. ఏం తీసుకుపోయినాడో తనకూ అర్థం కాలేదు. నేను కంప్యూటర్ మీద తువ్వాలు కప్పి పెట్టినా. వాడు ఇంకా లోపలే ఉన్నాడేమో అనిపిస్తుంది. కరెంటు లేని దాంట్లో మనిషి ఎట్ల ఉంటాడో నాకూ తెలియదు.

మోగిన ఫోన్ ఎవరిదో గుర్తు లేదు. అన్నకు ఇవేవీ చెప్పొద్దు.

నీ మరదలు,
మహేశ్వరి

---

పొదిలి పక్క పొలాలు,
ఫిబ్రవరి 13

మహేశ్వరికి,

మీ వదిన దీవించి రాయడమేమంటే, ఉత్తరం అందింది. ఎనిమిదో తరగతి వరకు గిద్దలూరు హాస్టల్లో చదివిన చదువు ఇన్నేళ్లకు పనికొచ్చింది. ఎవడో ముక్కూమొహం తెలియని వాడిని తిన్నావా తమ్ముడూ అని అడిగినావా? ఇరవై ఏండ్ల నుంచి మీ ఇంటికి వస్తా పోతా ఉన్నా, నన్ను ఎప్పుడన్నా అట్ల అడిగినావా? గిన్నె బోర్లించినాక వచ్చినావేంది వదినా అంటావు.

నువ్వు రాసింది నాలుగుసార్లు చదివినా, నాకు పూర్తిగా అర్థం కాలేదు. కానీ పోయిన వారం ఇక్కడ ఒకటి జరిగింది, అది రాస్తా. మోటార్ సైకిల్ మీద ఒకతను సంచి తగిలించుకుని మంద దగ్గరకు వచ్చినాడు. మీ గొర్రెలకు రోగం తగిలింది, చెవులు చూస్తేనే తెలుస్తా ఉంది, ఇప్పుడే సూది వేయకపోతే వారంలో మంద ఖాళీ అవుతుంది అన్నాడు. నేనైతే కొంగు ముడి విప్పి డబ్బు తీయబోయినా. మీ అన్న మాత్రం దడి దగ్గరే అతన్ని నిలబెట్టి, "నిన్ను ఎవురు పిలిచినారు?" అన్నాడు. ఎవరూ పిలవలేదు, దారినపోతా చూసినా అన్నాడు. "రోగమొస్తే డాక్టర్ దగ్గరికి మేమే పోతాం. డాక్టర్ మమ్మల్ని ఎతుక్కుంటా రాడు" అని పంపించేసినాడు. గొర్రెలు బాగానే ఉన్నాయి. నీ ఎర్ర తెర కూడా ఆ సంచీ మనిషి లాంటిదే అనుకుంటా. రోగముందని చెప్పిందీ వాడే, మందు నా దగ్గరుందన్నదీ వాడే.

మోగిన ఫోన్ ఎవరిదో గుర్తు లేదంటే ఎట్ల? కవర్ల మీద పేర్లు రాసి పెట్టింది నువ్వే గదా. చూసి రాయి. ఇక్కడ రోశమ్మత్త రోజూ పొద్దున లేవగానే నన్ను అడిగేది ఒక్కటే, పరిహారం పడిందంటనా అని. పోయిన ఏడు మంద దగ్గర పిడుగు పడి ఆమె పెద్దాయన పోయినప్పటి నుంచి ఆమె ఆశంతా ఆ డబ్బు మీదే. అది ఈ నెలలోనే పడుతుందని ఆఫీసులో చెప్పినారు. ఆమె ఫోన్ కూడా నీ సొరుగులోనే ఉంది. ఆమెకు ఏం చెప్పమంటావు?

ఇంకొకటి. ఇది మీ అన్నకు తెలియదు, చించి పొయ్యిలో వెయ్యి. నా ఖాతాలో ముప్పై ఎనిమిది వేలున్నాయి. మా అమ్మ ఇచ్చిన రెండు గొర్రెలు ఈనిన పిల్లలను అమ్మిన డబ్బు అది, నాలుగేండ్లుగా కూడబెట్టినా. వచ్చే ఏడు నేను మందతో నడవను మహేశ్వరి. మోకాళ్లు పనిచేయడం లేదు. పొద్దున లేస్తే కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసినాకే నిలబడగలను, అది కూడా అందరికంటే ముందు లేచి, ఎవరూ చూడకుండా. కొమరోలు బస్టాండు దగ్గర టీ బంకు పెట్టుకుందామని. మీ అన్నకు చెబితే ఆడది మందను వదిలేసిందంటారని గొడవ చేస్తాడు. బంకు పెట్టినాక చెబుతా.

మీ వదిన,
మల్లి

---

కొమరోలు,
ఫిబ్రవరి 18

మల్లి వదినకు,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. నాలుగుసార్లు రాసి చించేసినా. ఇది ఐదోది, దీన్ని చించను.

మోగిన ఫోన్ నీది. గుర్తు లేదని అబద్ధం రాసినా. కవర్ మీద మల్లి వదిన అని నా చేత్తో నేనే రాసినా గదా, ఎట్ల మర్చిపోతా? ఆ మూడుసార్లు నేను చదివింది నీ నంబర్లే. ముప్పై ఎనిమిది వేలూ పోయినాయి వదినా. నీ ఫోన్లో మెసేజులు ఉన్నాయి. నువ్వు ఎందుకు దాచుకున్నావో తెలిసినాక నాకు ఇంకా భయమేసింది. అంతకుముందు డబ్బు పోయిందనుకున్నా. ఇప్పుడు నీ మోకాళ్లు గుర్తొస్తా ఉన్నాయి.

అసలు వాడికి నీ కార్డు నంబరు ఎట్ల తెలిసిందో మొదట నాకూ అర్థం కాలేదు. తరువాత తట్టింది. ప్రతిసారీ సొరుగు తెరిచి కవర్లు వెతకడం ఎందుకని, అందరి పేర్లూ, ఫోన్ నంబర్లూ, ఆధార్ నంబర్లూ, ఖాతాలూ, కార్డు మీద ముందూ వెనకా ఉండే నంబర్లూ కంప్యూటర్లో ఒక లిస్టుగా రాసి పెట్టుకున్నా. ఎంత తెలివి అని మురిసిపోయినా కూడా. వాడు ఆ లిస్టు తెరిచినప్పుడు నేను పక్కనే కూర్చుని చూస్తా ఉన్నా.

డబ్బు పోయిన సంగతి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. తరువాత బ్యాంకులో కృపారాణి మేడమ్ దగ్గరకు పోయినా. ఇటువంటివి జరిగితే 1930 నంబరుకు చేయాలంట, గంట లోపల చేస్తే డబ్బును దారిలోనే ఆపే అవకాశం ఉండేదంట. నాలుగు రోజులకు చేసినా నేను. ఖాతా నీది కాబట్టి బ్యాంకులో కాగితం రాసివ్వడానికి నువ్వు రావాలంట. నేను రాసిస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "ఒకరి తరఫున ఇంకొకరు వచ్చే అలవాటుతోనే గదమ్మా ఇదంతా జరిగింది" అన్నది.

ఇక ఫోన్లు. మొన్న ఒకడు చేసి, పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ఇంకొక ప్రోగ్రాం దించుకోండి అన్నాడు. నిన్ను ఎవరు పిలిచినారని అడిగి, తిట్టి పెట్టేసినా. మరునాడు ఇంకొకతను చేసి, సైబర్ పోలీసు, మీ ఫిర్యాదు గురించి అన్నాడు. ఆయన్ను కూడా నిన్ను ఎవరు పిలిచినారు అన్నా. మీరే గదమ్మా పిలిచింది అన్నాడు. అప్పుడు ఏం చెయ్యాలో తెలియక ఆయన్ను కూడా తిట్టి పెట్టేసినా. ఇద్దరూ ఒకే రకంగా మర్యాదగా మాట్లాడితే ఏది నిజమని తెలుసుకునేది? చివరకు బస్సెక్కి గిద్దలూరు స్టేషన్‌కు పోయి అడిగితే, రెండోవాడు నిజంగానే పోలీసు. నన్ను కోప్పడలేదు. ఫోన్లో నమ్మకుండా మనిషిగా వచ్చి అడిగినావు, అదే మంచిది అన్నాడు.

రోశమ్మ పెద్దమ్మ సంగతి. ఆమె పేరూ ఆ లిస్టులో ఉంది. ఖాతాలో ఏమీ లేదు కాబట్టి ఏమీ పోలేదు. నంబరు నేను చదవకపోతే ఏం కాదులే అనుకున్నా. కృపారాణి మేడమ్ ఒప్పుకోలేదు. కార్డు, ఆధార్ వాడి దగ్గర ఉంటే ఇంకో దారి వెతుకుతాడు, పరిహారం పడకముందే కార్డు ఆపించాలి, అది కూడా ఆమే రావాలి అన్నది.

వదినా, ఒక మాట అడుగుతా, తిట్టినా సరే. నువ్వు మందలో ఎవరికీ చెప్పొద్దు. వాళ్లకు తెలిస్తే నా సెంటర్ మూసుకోవడమే. నీ సంగతి నేను అన్నకు చెప్పను, నా సంగతి నువ్వు వాళ్లకు చెప్పకు. నీ డబ్బు నెలకింత అని నేనే కట్టేస్తా. పెద్దమ్మ డబ్బు పడేలోపల వాడు ఆమెను మర్చిపోతాడేమో. వాడి దగ్గర ఎన్ని వందల పేర్లుంటాయో.

మహేశ్వరి

---

పొదిలి పక్క పొలాలు,
ఫిబ్రవరి 22

మహేశ్వరికి,

నీ ఉత్తరం రోశమ్మత్తే తెచ్చింది. పొదిలి నుంచి తవుడు మూట నెత్తిన పెట్టుకుని, ఉత్తరం కొంగుకు ముడేసుకుని వచ్చింది. మూట దించి నా ఎదురుగా కూర్చుని, "సదువు మల్లీ, నా డబ్బు సంగతేమన్నా రాసిందేమో" అన్నది.

చదివినా. కొమరోల్లో ఎండలు ముదిరినాయని చదివినా, బోర్లు అడుగంటినాయని చదివినా. నువ్వు రాయనివన్నీ చదివినా. నీ డబ్బు గురించి ఏం రాయలేదత్తా అన్నా. ఆమె సరే అని లేచిపోయింది. చదువు రాని మనిషి నమ్మి కాగితం ఇస్తే నేను అబద్ధం చదివినా. నువ్వు చేసింది తెలియక చేసినావు. నేను అన్నీ తెలిసే చేసినా.

పొద్దున గొర్రెలకు నీళ్లు పెట్టే తొట్టి దగ్గర ఆమెకు మొత్తం చెప్పేసినా. గొర్రెలన్నీ తాగేదాకా తొట్టిలో నీళ్లు పోస్తానే ఉంది. అప్పుడు, "కొమరోలుకు బస్సు ఎన్నింటికి?" అన్నది. సోమవారం వస్తుంది. బస్సు దగ్గరికి ఎదురుపో.

ఆమె ఎందుకు పోతా ఉందని మీ అన్న అడిగినాడు. చెప్పినా. నీకెట్ల తెలుసన్నాడు. నా డబ్బు సంగతీ చెప్పినా. కర్ర తీసుకుని గొర్రెల వెనక పోయినాడు, ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు. టీ బంకు గురించి మాత్రం నోరు రాలేదు, ఆ మాట ఇంకా లోపలే ఉంది.

నెలకింత కట్టేస్తానని రాసినావు. కట్టు, వద్దనను. కానీ నాకు కోపం డబ్బుకు కాదు. ఎవడో పరాయివాడు నిన్ను మోసం చేసినాడు, అది నాకూ జరగొచ్చు. ఎవరి ఫోనో గుర్తు లేదని నాకు రాసినావే, అది మాత్రం నువ్వు నాకు చేసినావు. దానికి ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

మల్లి

---

కొమరోలు,
ఫిబ్రవరి 27

మల్లి వదినకు,

రోశమ్మ పెద్దమ్మ వచ్చింది. బస్సు దిగి నన్ను చూసి, కాళ్లు కడుక్కుంటా నీళ్లియ్యి అన్నది, అంతే. ఇంటికి రాగానే ఫోన్ ఇమ్మన్నది. సొరుగులో నుంచి కవరు తీసి ఇచ్చినా. కార్డు తీసుకుంది, ఫోన్ తీసుకుంది, నా అక్షరాలున్న కవరు అక్కడే వదిలేసింది.

బ్యాంకులో పాస్‌బుక్ ప్రింట్ చేస్తే పరిహారం ముందురోజే పడి ఉంది. మొత్తం అట్లే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కార్డు ఆపించడానికి లైనుంది, బల్ల మీద కూర్చున్నాం. అప్పుడు పెద్దమ్మ చేతిలో ఫోన్ టుంగుమంది. ఓటీపీ. నాకు చూడకుండానే తెలిసింది. ఆమెకు చదవడం రాదు గదా, అలవాటు కొద్దీ ఫోన్ నా వైపు చాపి, "ఏమొచ్చింది చూడు పాపా" అన్నది. నేను రెండు చేతులూ వెనక్కు పెట్టుకున్నా. చదవను పెద్దమ్మా, ఎవరికీ చదవను, ఇది నీదే అన్నా. ఆమె నా ముఖం చూసి ఫోన్ మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

నిమిషం కాలేదు, అదే ఫోన్ మోగింది. పచ్చ బటన్ నొక్కడం ఆమెకు వచ్చు. పక్కనున్న నాకూ వినపడతా ఉంది, వాడు ఎంతో మర్యాదగా, అమ్మా, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నా, మీ ఫోన్‌కు వచ్చిన నంబరు కొంచెం చదివించండి అంటున్నాడు. పెద్దమ్మ హాలంతా ఒకసారి కలయజూసింది. "నేనూ బ్యాంకులోనే కూసోనున్నా నాయనా. నువ్వు ఏ కుర్చీలో ఉండావు?" అన్నది. వాడు పెట్టేసినాడు. కృపారాణి మేడమ్ లేచి వచ్చి, లైనంతా పక్కకు జరిపి ముందు ఆమె కార్డు ఆపింది.

మిగిలిన వాళ్లందరికీ నేనే కబురు చేసినా, ఏం జరిగిందో దాచకుండా. నలుగురు వచ్చి ఫోన్లు తీసుకుపోయినారు. ఇద్దరు బాగా తిట్టినారు. ఇంకెవరి ఫోనూ పెట్టుకోనని చెప్పినా, దానికి కూడా తిట్టినారు, మరి మా పని ఎవరు చేస్తారని. ఏం చేస్తే తప్పు, ఏం చేస్తే ఒప్పు నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియడం లేదు. కంప్యూటర్లో ఆ లిస్టు మాత్రం వంశీతో తీయించేసినా. నీ డబ్బు సంగతి పోలీసులకు రాసిచ్చినా, నంబర్లు చదివి చెప్పింది నేనే అని నా పేరుతోనే. నువ్వు వచ్చి సంతకం పెడితే విచారిస్తారంట. తిరిగి వస్తుందని మాత్రం చెప్పలేదు.

నీ ఫోను, కార్డు పెద్దమ్మతో పంపిస్తున్నా. కార్డు ఇంకా ఆపలేదు, నీ ఫోన్ నుంచి నువ్వే చేసి ఆపించాలి. బ్యాంకు నంబరు కార్డు వెనక అచ్చేసి ఉంటుంది, దానికే చెయ్యి. ఎవరన్నా చేసి ఇచ్చే నంబరుకు చేయొద్దు.

అబద్ధం రాసినందుకు తప్పైంది వదినా.

మహేశ్వరి

---

పొదిలి పక్క పొలాలు,
మార్చి 5

మహేశ్వరికి,

ఫోన్ అందింది. హనుమంతు మామ దుకాణంలో చార్జింగ్ పెట్టుకుని, కార్డు వెనక నంబరుకు నేనే చేసి కార్డు ఆపించినా. ఒకటి నొక్కు, రెండు నొక్కు అని పది నిమిషాలు తిప్పినారు. రెండుసార్లు తప్పు నొక్కినా. మూడోసారి అయింది.

ఇప్పుడు నీకు ఫోన్ చేయొచ్చు గానీ చేయను. కోపం ఇంకా తగ్గలేదు, నోటితో అయితే తిట్టేస్తా. కాగితమైతే ఆగి ఆగి రాస్తా. నువ్వు కూడా రాయి.

రోశమ్మత్త మందలో అందరికీ ఆ కుర్చీ మాట చెప్పి నవ్విస్తా ఉంది. నిన్ను మాత్రం ఒక్క మాట అననివ్వలేదు. ఎవరో ఏదో అనబోతే, ఆ పిల్ల చేతులు ఎనక్కు పెట్టుకున్యాది, నేను చూసినా అన్నది.

మీ అన్న పది రోజులు మాట్లాడలేదు. నిన్న దడి మారుస్తుంటే నా చేతిలో గుంజ తీసుకుని తనే పాతినాడు. ఆ డబ్బు దేనికి దాచినావని అడిగినాడు. ఇక దాచడానికి డబ్బూ లేదు గదా, చెప్పేసినా. మోకాళ్లు, పొద్దున కర్ర, టీ బంకు, అన్నీ. తిడతాడని తల వంచుకుని నిలబడినా. గుంజ చుట్టూ మట్టి తొక్కినాడు. తరువాత, "నడవల్యాకుండానని నాతో ఒక్క మాట అనగూడదా?" అన్నాడు.

డబ్బు పోయిందని తెలిసినప్పుడు నాకు ఏడుపు రాలేదు మహేశ్వరి. ఆ మాటకు ఆ గుంజ పట్టుకుని ఏడ్చినా.

మీ వదిన,
మల్లి